వాక్కాయ చెట్టు బదిలీ

మా మున్సిపాలిటీలో మొక్కలకు బదిలీలు మొదలైంది ఒకే ఒక్క అక్షరం వల్ల. అందులో ఎవరి తప్పూ లేదు. తర్వాత వేసిన విచారణ కమిటీ కూడా అదే తేల్చింది.

ఆ వేసవిలో పై నుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి కుర్చీలు వదలని ఉద్యోగుల గురించి పేపర్లు రోజూ రాస్తున్నాయి. వాటి నోరు మూయించడానికి, 'ఒకే స్థానములో మూడు సంవత్సరములకు మించి పాతుకుపోయిన వారిని గుర్తించి, వర్షములకు ముందే బదిలీ చేయవలెను' అని ఆజ్ఞాపించారు. మా కమిషనర్ గారి ఆఫీసులో దాన్ని అన్ని విభాగాలకూ పంపడానికి మళ్లీ టైపు చేసినప్పుడు 'వారిని' అన్న మాట 'వాటిని' అయింది. కమిషనర్ గారు సంతకం పెట్టారు. మిగతా విభాగాల వాళ్లు అలవాటు ప్రకారం దాన్ని చదవలేదు కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. ఉద్యానవన విభాగం సూపరింటెండెంటు కాశీపతి గారు చదివారు.

ఆ విభాగంలో కాశీపతి గారు తప్ప మరో మనిషి లేడు. తోటమాలి పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. ఆయన ఏలుబడిలో ఉన్నదల్లా మంచినీళ్ల ట్యాంకు వెనకాల, గోదావరి కాలువ గట్టు పక్కన ఉన్న మున్సిపల్ పెరటితోట. ఒకప్పుడు అక్కడ చెత్త పోసేవాళ్లు. అది మాన్పించడానికి నేలను మడులుగా విడదీసి, ఒక్కో మడికి నంబరు రాసిన రేకు బోర్డు పాతి, పెరడు లేని అపార్టుమెంట్ల వాళ్లకు ఇచ్చారు. ఆ బోర్డులు రాసింది నేనే. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాణ్ని కాబట్టి అలాంటివన్నీ నాకే వచ్చేవి.

తన విభాగంలో పాతుకుపోయినవారు ఎవరూ లేరని రాస్తే పైవాళ్లకు అనుమానం వస్తుంది. మనుషుల్ని లెక్కలోకి తీసుకుంటే తనే దొరుకుతారు. 'వాటిని' అన్న మాట ఆ ఎండాకాలంలో కాశీపతి గారి కళ్లకు ఎంత చల్లగా తగిలి ఉంటుందో నేను ఊహించగలను. మర్నాడే ఆయన గొడుగు వేసుకుని, పాతుకుపోయిన వాటిని గుర్తించడానికి తోటకు వచ్చారు.

నా పక్క మడి సత్యవేణి గారిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, సూపర్‌వైజరై రిటైరయ్యారు. ఎదుటివాళ్ల మాటను మధ్యలో తుంచకుండా చివరిదాకా విని, ఆ తర్వాత లైను కట్ చేసే అలవాటు ఆమెకు ఉద్యోగం నుంచే వచ్చింది. ఆమె మడిలో ఒక వాక్కాయ పొద, దాని పక్కన కంద, కంద పక్కన కర్రలకు పాకించిన బచ్చలి ఉండేవి. మా వైపు కందాబచ్చలి లేని ఇల్లు ఉండదు కాబట్టి ఆ రెండింటి గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. మాట్లాడుకునేది వాక్కాయ గురించే.

కాపు అయిపోగానే ఆమె చేతులకు పాత గోనెసంచి చుట్టుకుని పొద ముందు కూర్చునేవారు. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగి ఒకదాన్నొకటి గీరుకుంటున్న కొమ్మలు, బాగా ముదిరి కాపు తగ్గినవి మొదలంటా తీసేసేవారు. పొద నడుమ గాలీ వెలుతురూ ఆడాలనేవారు. చుట్టూ పాదు చేసి, చివికిన పశువుల ఎరువు వేసి, మొదలుకు తగలకుండా ఎండాకులు పరిచేవారు. కందను తవ్వినప్పుడు పక్క పిలకల్ని తీసుకుని తల్లిదుంపను నేలలోనే ఉంచేసేవారు. శ్రావణమాసం వచ్చిందంటే ఆ తోటలో మడులున్న వాళ్లలో వాక్కాయ పప్పు తినని ఇల్లు ఉండేది కాదు.

ఉద్యోగంలో ఉండగా ఆమె ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో ఒక వాక్కాయ మొక్క నాటారు. అది కాపుకు వచ్చే ఏడాదికి సరిగ్గా ఆమెకు బదిలీ వచ్చేది. ఆ కాయలు ఎవరు తిన్నారో ఆమెకు తెలియదు. తను నాటి, తనే కాయ కోసుకున్న వాక్కాయ ఇదొక్కటే. ఈ సంగతి ఆమె నాకు ఒకసారి చెప్పారు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కాశీపతి గారు ఆ పొద చుట్టూ తిరిగి, ఇది ఇక్కడ ఎంతకాలం నుంచి ఉందని అడిగారు. చాలా ఏళ్లయిందని ఆమె గర్వంగా చెప్పారు. ఆయన రాసుకున్నారు. నా నిమ్మచెట్టునూ కరివేపాకునూ రాసుకున్నారు. వంగ, బెండ లాంటివి ఏడాదికోసారి పోయే తాత్కాలిక సిబ్బంది కాబట్టి వాటిని వదిలేశారు. చివరికి కంద ఉన్న చోటుకు వచ్చి ఆగారు. అక్కడ ఉత్త నేల ఉంది.

"రిజిస్టరులో ఇక్కడ కంద అని రాసి ఉంది. కంద ఏదమ్మా?"

"లోపల ఉందండి. వేసవిలో ఆకు పోయి, దుంప నేల కింద పడుకుంటుంది. తొలకరి పడగానే లేస్తుంది."

"అంటే తనిఖీ సమయానికి విధుల్లో లేదు."

"పడుకుందండి."

"అది ఇంకా తీవ్రమైన విషయం," అన్నారు కాశీపతి గారు.

ఆ సాయంత్రానికల్లా ఒక పుల్లకు మెమో గుచ్చి ఆ ఉత్త నేలలో పాతి వెళ్లారు. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు తగిన చర్య ఎందుకు తీసుకోరాదో వారం లోపల సంజాయిషీ ఇచ్చుకోవలెనని అందులో ఉంది. మూడు రోజులకు వాన పడింది. మెమో కాగితం పక్కనుంచే కంద మొలక పొడుచుకుని పైకి వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉందని ఆయన ఫైలు మూసేశారు.

ఇదంతా తమాషాగానే ఉండేది, మొదటి బదిలీ నా నిమ్మచెట్టుకు పడకపోయి ఉంటే.

దానికి తోట అవతలి కొసన, ప్రహరీ నీడలో పోస్టింగు ఇచ్చారు. పొద్దున్నే గునపాలతో కూలి మనుషులు వచ్చారు. తల్లివేరు ఎక్కడో లోతుకు వెళ్లిందని, గునపంతో పొడిస్తే తెగిపోతుందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. సాయంత్రం లోపల రిలీవ్ చేయకపోతే ఆలస్యానికి మొక్కే బాధ్యత వహించాలని కాశీపతి గారు చెప్పారు. తల్లివేరు తెగింది. కొత్తచోట గొయ్యి తీసి నిలబెట్టారు. జాయినింగు రిపోర్టు మీద నిమ్మచెట్టు తరఫున నేను సంతకం పెట్టాను. రెండు రోజులకు ఆకులు ముడుచుకున్నాయి. వారానికి పిందెలన్నీ రాలాయి. నేను రోజూ బిందెలతో నీళ్లు మోశాను, గోనెపట్టాతో నీడ కట్టాను. కాశీపతి గారు వచ్చి చూసి 'దీర్ఘకాలిక సెలవులో ఉంది' అని రాసుకున్నారు. కొమ్మ గోటితో గీరి చూస్తే లోపల పచ్చదనం లేదని నేను చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి 'దీర్ఘకాలిక' అన్న మాట కొట్టేసి 'శాశ్వత' అని దిద్దారు.

మర్నాడు సత్యవేణి గారు తన మడి గట్టు మీద కూర్చుని, పని ఏమీ చేయకుండా వాక్కాయను చూస్తూ ఉండటం గమనించాను. చెట్టు నిండా పూత ఉంది.

తోటలో గగ్గోలు పుట్టడంతో, పారదర్శకత కోసం మున్సిపల్ హాల్లో మొక్కలకు కౌన్సెలింగు పెట్టారు. ప్రతి మొక్కా గుర్తింపు కోసం ఒక కొమ్మను పంపాలన్నారు. హాలంతా కొమ్మలు పట్టుకున్న మనుషులతో మట్టలాదివారం నాటి చర్చిలా ఉంది. మగ బొప్పాయినీ ఆడ బొప్పాయినీ వేరు చేయొద్దని ఒకాయన భార్యాభర్తల కోటాలో అర్జీ పెట్టుకున్నాడు. అది వెంటనే మంజూరైంది. దొండపాదుకూ పందిరికీ అదే కోటా అడిగితే, పందిరి స్థిరాస్తి కాబట్టి దానికి వివాహ అర్హత లేదని తోసిపుచ్చారు.

కమిషనర్ గారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు, ఉత్సాహవంతుడు. ఆయనకు ఆ ఉత్తర్వు మీద నిజంగానే నమ్మకం కుదిరింది. స్థిరపడటమంటే ఎదుగుదల ఆగిపోవడమేననీ, మొక్క కూడా తన కంఫర్ట్ జోన్ దాటి బయటికి రావాలనీ, వేళ్లు అనేవి పాతకాలపు ఆలోచనా విధానమనీ చాలాసేపు చెప్పారు. వెనక వరసలో ఉద్యోగులందరూ చప్పట్లు కొట్టారు.

సత్యవేణి గారు చివరిదాకా విని లేచారు. చేతిలో వాక్కాయ కొమ్మ ఉంది.

"ఈ ఉత్తర్వులో 'వాటిని' అన్న చోట 'వారిని' అని ఉండాలేమోనండి. నేను పాతికేళ్లు డిపార్ట్‌మెంట్లో చేశాను. ఇది మనుషుల బదిలీ ఉత్తర్వులా ఉంది."

అక్కడున్న ఉద్యోగుల్లో మూడేళ్లు నిండనిది కమిషనర్ గారికి ఒక్కరికే. ఇంజనీరు గారు కిటికీలోంచి బయటికి చూడసాగారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. కాశీపతి గారు నెమ్మదిగా లేచి గొంతు సవరించుకున్నారు.

"సంతకం పడేదాకే అది అక్షరదోషం మేడం. సంతకం పడ్డాక అది విధానం."

ఈసారి చప్పట్లు మరీ గట్టిగా మోగాయి. వాక్కాయకు మురుగుకాలువ పక్కన పోస్టింగు ఖరారైంది.

బయటికి వచ్చాక, ఇక చేసేదేముందని నేను అన్నాను. రూలు అన్నాక దానికి దొడ్డిదారి దాని కడుపులోనే ఉంటుందని, తను అన్ని బదిలీలూ ఊరికే తిరగలేదని ఆమె అన్నారు. ఆ సాయంత్రం ఆమె పరస్పర బదిలీకి అర్జీ రాశారు. ఆఫీసుల్లో ఇది మామూలే. ఇద్దరు ఉద్యోగులు ఇష్టపడి ఒకరి స్థానంలోకి ఒకరు మారతామంటే పైవాళ్లు కాదనరు, ఎందుకంటే లెక్కలో రెండు బదిలీలు పడతాయి. ఏడో నంబరు మడిలోని తన వాక్కాయకూ, ఎనిమిదో నంబరు మడిలోని నా కరివేపాకుకూ పరస్పర అంగీకారం కుదిరిందని ఆమె రాశారు. నిమ్మచెట్టుతో నేను పడ్డది చాలు, కరివేపాకును ముట్టుకోనివ్వనని నేను అంటే, మీ కరివేపాకు మీద ఈగ కూడా వాలదని ఆమె అన్నారు. అర్జీ రెండు రోజుల్లో మంజూరై, మురుగుకాలువ పోస్టింగు రద్దయింది.

ఆదివారం పొద్దున్న ఆమె నన్ను తోటకు రమ్మన్నారు. గునపం ఏదని అడిగాను. ఆమె తన మడి ముందున్న ఏడో నంబరు రేకు బోర్డును రెండు చేతులతో పట్టుకుని ఊపి పైకి లాగారు. నా మడి ముందున్న ఎనిమిదిని నన్ను లాగమన్నారు. దాన్ని ఇక్కడ పాతి, దీన్ని అక్కడ పాతాం. వాక్కాయ ఎనిమిదో నంబరు మడిలోకి వెళ్లింది. కరివేపాకు ఏడుకు వచ్చింది. తర్వాత ఆమె ఫ్లాస్కులోంచి ఇద్దరికీ కాఫీ పోశారు.

సోమవారం కాశీపతి గారు తనిఖీకి వచ్చారు. బోర్డు చూశారు. ఫైలు చూశారు. మళ్లీ బోర్డు చూశారు. వాక్కాయ కింద పరిచిన ఎండాకుల్ని గొడుగు కొనతో కాస్త కదిపి చూశారు. మట్టి ఎక్కడా తవ్వినట్టు లేదు. పూత ఒక్కటి రాలలేదు. ఆయన అమాయకుడు కాదు. నా నిమ్మచెట్టు ఎండిన మోడు దూరంగా గోడ పక్కన కనిపిస్తూనే ఉంది. ఆయన దానివైపు కూడా ఒకసారి చూశారు.

"ఇంత దూరం వచ్చినా ఒక్క ఆకు వాడలేదే," అన్నారు చివరికి.

"వేళ్లు కదపలేదండి," అన్నారు సత్యవేణి గారు. "చుట్టూ ఉన్నదాన్ని కదిపాం."

ఆయన సంతకం పెట్టారు.

ఆ వారంలో తోట మొత్తం పరస్పర బదిలీ కోరింది. నేను రంగు డబ్బా పట్టుకుని తిరుగుతూ, వెలిసిపోయిన నంబర్లు కూడా దిద్దిపెట్టాను. కాశీపతి గారు బదిలీలు వందశాతం పూర్తయ్యాయని, ఒక్క నిమ్మచెట్టు తప్ప సిబ్బంది అంతా కొత్త స్థానాల్లో ఆరోగ్యంగా ఉన్నారని నివేదిక పంపారు. కమిషనర్ గారు ఆ నివేదికను పైకి పంపారు. శ్రావణంలో మేం మళ్లీ వాక్కాయ పప్పు తిన్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

కానీ మంచి ఫలితాన్ని పైవాళ్లు ఊరికే వదలరు. కాపు మీదున్న ముదురు పొదల్ని ఒక్క ఆకు వాడకుండా తరలించిన పద్ధతి ఏమిటో చూడటానికి ఒక నిపుణుల బృందం వచ్చింది. వాళ్లు టేపు పెట్టి వాక్కాయను కొలిచారు. అది ఇంతకుముందు ఉన్న చోటు చూపించమంటే, సత్యవేణి గారు ఏడో నంబరు బోర్డు చూపించారు. అక్కడ నిండుగా ఉన్న కరివేపాకు వాళ్లను మరింత ముగ్ధుల్ని చేసింది. రహస్యం చెప్పమంటే ఆమె కాశీపతి గారికి చెప్పిన మాటే అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. వాళ్లు దాన్ని శ్రద్ధగా రాసుకుని, 'మూలాలను స్పృశించని తరలింపు విధానం' అని పేరు పెట్టి, జిల్లా అంతటా అమలు చేయాలని సిఫారసు చేశారు.

జిల్లాలో ముందుగా రోడ్ల పక్క చింతచెట్లకు బదిలీలు పడ్డాయి. వాటికి మడులూ నంబర్లూ లేవు కాబట్టి, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ చెట్టు ఉందనేదే వాటి చిరునామా. తెలివైన సిబ్బంది రాళ్లను మార్చారు. చెట్లు ఒక ఊరి నుంచి మరో ఊరికి క్షేమంగా చేరాయి. బస్సుల్లో కండక్టర్లు రాళ్లు చూసి స్టేజీలు చెప్పడం మానేసి, గాలి వాసన చూసి చెప్పసాగారు. మా పక్క ఊరు మాకు దూరమై, దూరపు ఊరు దగ్గరైంది. చివరికి పెద్ద అధికారి ఒకరు మా కొత్త మార్కెట్ భవనానికి ప్రారంభోత్సవం చేయడానికి బయలుదేరి, రాళ్లను నమ్ముకుని మరో ఊరు చేరి, అక్కడ ఒక కల్యాణ మంటపానికి రిబ్బను కత్తిరించి, పెళ్లివారి చేత భోజనం పెట్టించుకుని వెళ్లిపోయారు. వధువు తరఫువారు ఆయన్ని వరుడి పెదనాన్న అనుకున్నారట.

అప్పుడు విచారణ కమిటీ వేశారు. కమిటీ ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగింది. ఎవరి తప్పూ లేదని తేల్చింది. ఆశ్వయుజంలో సవరణ ఉత్తర్వు వచ్చింది: 'వాటిని' అన్న చోట 'వారిని' అని చదువుకొనవలెను, ఇప్పటికే జరిగిన జాప్యమును దృష్టిలో పెట్టుకొని తక్షణమే అమలుపరచవలెను.

ఆ నెలలో మా మున్సిపల్ ఆఫీసు దాదాపు ఖాళీ అయింది. ఇంజనీరు గారికి మెడికల్ గ్రౌండ్స్ గుర్తొచ్చాయి. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారికి మావగారి పక్షవాతం గుర్తొచ్చింది. కాశీపతి గారు దేనికీ అర్జీ పెట్టుకోలేదు. ఆయనకు మన్యం అంచున, కొండ కింద ఒక ఊరు వేశారు. ఈ ఊళ్లోనే పెళ్లి చేసుకుని, ఈ ఊళ్లోనే తల్లిని సాగనంపిన మనిషి. పొద్దున లేచి ఏ వీధి మలుపులో టీ తాగుతాడో కుక్కలకు కూడా తెలుసు.

వెళ్లే ముందు ఒక సాయంత్రం ఆయన తోటకు వచ్చారు. చేతిలో ఫైలు లేదు. సత్యవేణి గారు గోనెసంచి చుట్టుకుని వాక్కాయకు ముదురు కొమ్మలు తీస్తున్నారు. నేను నరికిన ముళ్ల కొమ్మల్ని ఒక పక్కకు లాగుతున్నాను. ఆయన గట్టు మీద కూర్చుని, మా ఇద్దరిలో ఎవరినీ చూడకుండా మాట్లాడారు. మాస్టారి నిమ్మచెట్టు విషయంలో తను తొందరపడ్డానని అన్నారు. పర్లేదండి అని అనబుద్ధి కాలేదు, అనలేదు. ఆయన కూడా ఎదురుచూడలేదు.

తర్వాత సత్యవేణి గారితో అన్నారు:

"ఒకటి అడుగుతానమ్మా. నిజంగానే ఒక ముదురు చెట్టును కదపాల్సి వస్తే, ఎలా కదపాలి?"

ఆమె కత్తెర పక్కన పెట్టారు. ఆయన మొహంలోకి ఒకసారి చూసి, నెమ్మదిగా, తేలిక మాటల్లో చెప్పారు. ముందు కొమ్మలు తగ్గించుకోవాలి, ఉన్నదంతా మోసుకెళ్తే వేరు తట్టుకోలేదు. సొంత మట్టి కొంత ముద్దగా వేళ్లతో పాటే తీసుకెళ్లాలి, ఉత్త వేళ్లతో వెళ్లకూడదు. నేలలో చెమ్మ ఉండగానే కదిలించాలి. వెళ్లిన చోట కొన్నాళ్లు నీడపట్టున ఉంచాలి. ఎండిపోయినట్టు కనిపించినా కంగారుపడి పీకి చూడకూడదు, లోపల కొత్త వేళ్లు వేసుకుంటూ ఉంటుంది.

"బతుకుతుందా?"

"బతుకుతుందండి. కాకపోతే మొదటి ఏడు కాపు అడక్కూడదు."

ఆయన తలూపారు. ఆమె ఆ ఏడాది ఊరవేసిన వాక్కాయ పచ్చడి సీసా ఒకటి సంచిలోంచి తీసి ఇచ్చారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్లిపోయారు.

మొన్న ఆ కొండ కింది ఊరి నుంచి ఒకాయన పని మీద వచ్చి మాకు ఆయన కబుర్లు చెప్పాడు. కాశీపతి గారు ఆమె చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారట. సామాను సగం ఇక్కడే పంచిపెట్టి వెళ్లారట. ఆఫీసులో కిటికీ నీడన కుర్చీ వేసుకుని కూర్చుంటారట. వెళ్లిన నాటి నుంచి ఒక్క మెమో ఇవ్వలేదు, ఒక్క తనిఖీ చేయలేదు, ఒక్క కాగితం మీద కొత్తగా అక్షరం రాయలేదట. ఇంత మంచి అధికారి తమకు ఇంతవరకూ దొరకలేదని, ఆయన్ను ఎక్కడికీ కదపొద్దని ఆ ఊరివాళ్లంతా సంతకాలు సేకరిస్తున్నారు.